సున్నపు గీత

ఏటా రెండు రోజులు నీళ్ళు ఆపేస్తారు.
ఉకేతియా బుగ్గ దగ్గర చెక్క తలుపు దించి,
నెమౌసుస్ స్నానశాలల వాళ్ళు తిట్టుకుంటుండగా
మేం పదకొండు మందిమి
ఉలీ సుత్తీ ప్రమిదా పట్టుకుని
రాతి మూతలెత్తి కాలువలోకి దిగుతాం.

లోపల నిలబడితే తల తగలదు,
చేతులు చాస్తే మాత్రం గోడలు అడ్డం.
గోడ నిండా నీరు పెట్టిన సున్నం.
ఏడాదికి గోరు మందం,
తరానికి బొటనవేలు మందం.
తీసేయకపోతే
కాలువ తన గొంతు తానే నొక్కుకుంటుంది.
ఏటా ఒక్క ముక్కే చెక్కగలం.
మొత్తం చెక్కి వచ్చేసరికి
మొదలుపెట్టినవాడు ఉండడు.

నా పేరు కస్సితాల్.
మా తాత అద్గెన్ను ఈ కాలువకి మట్టం పట్టినవాడు.
ఇరవై అడుగుల బల్ల,
రెండు కొసలా దారాలకి వేలాడే సీసపు గుండ్లు.
గాలికి గుండ్లు ఊగుతాయి కాబట్టి
బల్ల నడుమ గాడిలో నీళ్ళు పోసి
ఊపిరి బిగబట్టి చూసేవాడట.
వంద బారలకి రెండు వేళ్ళ వాలు.
ఎక్కువైతే నీరు గచ్చుని కోస్తుంది,
తక్కువైతే నిలబడి ఆలోచిస్తుంది.

నీరు పల్లమెరుగు, సరే.
ఇక్కడ పల్లం ఎంతో నీటికి చెప్పింది మా తాత.

వర్దో నది మీద కమానుల సంగతి అందరూ చెబుతారు:
కర్ర చట్రం మీద రాళ్ళు పేర్చడం,
తొక్కుడు చక్రంలో మనుషులు
రోజంతా నడిచి ఎక్కడికీ పోకుండా
రాయిని మాత్రం పైకి పంపడం,
నడిరాయి కూర్చున్నాక చట్రం లాగేస్తే
పడబోయే రాయిని పడబోయే రాయే ఆపడం.
చూడ్డానికి జనం దూరాల నుంచి వస్తారు.
కొండ కింద ఈ చీకటి చూడ్డానికి ఎవరొస్తారు?

ఈ గోడల ఎర్రపూత సంగతీ ఎవరికీ పట్టదు.
ద్రాక్షసారాలో విరిసిన సున్నం, పంది కొవ్వు,
పిసికిన అత్తిపళ్ళు.
అమ్మమ్మ లితుమార కలిపేది.
పగిలిన చేతులకి రాత్రిళ్ళు
మళ్ళీ ఆ కొవ్వే రాసుకునేది.

ఏడో మూత దగ్గర మట్టం తప్పిందని
తాతని పనిలోంచి తీసేశారు.
రెండు నెలల కూలీ ఎగ్గొట్టారు.
తప్పింది ఏడు కాదురా, తొమ్మిది,
అది పట్టింది మేస్త్రీ బామ్మర్ది
అని చచ్చేదాకా అన్నాడు.
ముసలాడి గొణుగుడనుకున్నాం, ఇంట్లోవాళ్ళమే.

ఈ ఏడు ఆ ముక్క మా వంతుకొచ్చింది.
ముప్ఫై ఏళ్ళలో ఉలి తగలడం ఇదే మొదలు.
ఏడు దగ్గర సున్నపు గీత నా నడుం ఎత్తున ఉంది.
ఎనిమిది దగ్గరా అంతే.
ఎనిమిది దాటాక లేవడం మొదలెట్టింది.
బొడ్డు దాటింది.
తొమ్మిదో మూత కింద భుజం ఎత్తున నిలబడింది.
ముప్ఫై ఏళ్ళుగా నీరు
సంత రోజు వాకిలి దగ్గర జనంలా
అక్కడ గుంపుగూడుతోంది.

ప్రమిద ఎత్తి చూశాను.
వెనక్కి నడిచి మళ్ళీ చూశాను.
వేళ్ళతో కొలిచాను, తాత నేర్పిన కొలతే.

ఎవరికి చెప్పను?
మేస్త్రీ లేడు, బామ్మర్దీ లేడు.
కూలీ లెక్కల మైనపు పలకలు
ఏనాడో గీకి వేరే లెక్కలు రాసుంటారు.
ఉన్న సాక్ష్యం ఈ గోడ,
దాన్ని చెక్కడానికే నాకు జీతం.
చెక్కేశాను.
తలుపెత్తితే నీరు ఎల్లుండి నుంచి
అదే ఎత్తున మళ్ళీ రాసుకుంటుంది.

భుజం ఎత్తు నుంచి ఊడిన పెంకు ఒకటి
సంచిలో వేసుకున్నాను.

ఇంట్లో తాత చేసిన బల్లకి ఒక కాలు పొట్టి.
కొండలకి మట్టం పట్టి
కొంపలో కుంటి బల్ల చేశాడని
అమ్మ వెక్కిరించేది.
ఆ కాలు కింద పెంకు తోశాను.
గిన్నెలో నీళ్ళు పోసి పైన పెట్టి
ఊపిరి బిగబట్టాను.

మా ఆవిడ వంగి చూసి
"ఇప్పుడు అటు ఒరిగింది" అంది.

గోరు మందం తీస్తే చాలు.
ఉలి ఇంకా సంచిలోనే ఉంది.